మోటార్‌హోమ్ తలుపు తాళం మొరాయిస్తే: లోపం పట్టడం, విప్పడం, బాగుచేయడం

మోటార్‌హోమ్ (లోపలే ఉండడానికి వీలుగా కట్టిన బండి) తలుపు సరిగ్గా పడకపోయినా, తాళం తిరగకపోయినా చాలామంది ముందు చేసే పని కొత్త తాళం కొనేయడం. తెచ్చి బిగించాక కూడా చాలాసార్లు పాత బాధ అలాగే ఉంటుంది. ఎందుకంటే తప్పు తాళంలో లేదు. తలుపు కిందికి జారి ఉంటుంది, చట్రం వైపున్న స్ట్రైకర్ (గడియ పట్టుకునే భాగం) పక్కకు జరిగి ఉంటుంది, కాదంటే కొత్తగా వేసిన రబ్బరు బీడింగు మందంగా ఉంటుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. దానికి పది నిమిషాలు చాలు.

ఇంటి తలుపు గోడలో పాతిన గుమ్మానికి ఉంటుంది. మోటార్‌హోమ్ తలుపు గతుకుల్లో గంటల తరబడి అదిరే బాడీకి వేలాడుతుంది. పైగా అది గట్టి చెక్క కాదు. బయట పలుచటి అల్యూమినియం రేకో ఫైబర్‌గ్లాసో, మధ్యలో నురుగు పలక, చుట్టూ సన్నటి చట్రం. స్క్రూ కాస్త ఎక్కువ బిగిస్తే పలక నొక్కుకుపోతుంది, గునపం పెట్టి ఎత్తితే రేకు శాశ్వతంగా వంగిపోతుంది. ఈ పనిలో బలం వాడాల్సిన చోటు ఒక్కటీ లేదు.

పని మొదలుపెట్టే ముందు

బండిని సమతలంగా ఉన్న నేల మీద ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఎత్తుపల్లాల మీద ఆపినా, జాకీలు ఒక మూల ఎక్కువ ఎత్తినా బాడీ కొద్దిగా మెలితిరుగుతుంది. తలుపు చట్రం ఆ మేరకు వంకరపోయి, బాగున్న తాళం కూడా పడదు. చదునైన చోటికి బండి జరిపితే సమస్య మాయమైందంటే తాళాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు.

రెండోది: తాళం విప్పి ఉన్నంతసేపూ తలుపు మూసుకోకూడదు. హ్యాండిల్ లేని స్థితిలో గడియ పడితే తలుపు తీయడం పెద్ద తంటా. తలుపును తాడుతో బయటికి కట్టేయండి, గడియ మీద టేపు అంటించండి. డ్రైవరు క్యాబిన్ తలుపు తీసి ఉంచండి. ఈ తలుపు అగ్ని ప్రమాదంలో మీరు బయటపడే దారి కూడా. సగం బాగైన తాళంతో రాత్రి లోపల పడుకోవద్దు.

కావలసినవి: 2వ నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, టార్క్స్ టీ20, టీ25 బిట్లు, ఉత్తర అమెరికా బండి అయితే 2వ నంబరు చదరపు బిట్, నోస్ ప్లయర్, చిన్న ఆకురాయి, ప్లాస్టిక్ పట్టీ, మాస్కింగ్ టేపు, వెర్నియర్ కాలిపర్ లేదా స్కేలు, టార్చి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పొడి లూబ్రికెంట్, తెల్ల లిథియం గ్రీజు, న్యూట్రల్ సిలికోన్ సీలెంట్, మార్కర్ పెన్ను. స్ప్రింగులతో పని కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. బ్యాటరీ డ్రిల్లు విప్పడానికి వాడినా, బిగించేటప్పుడు పక్కన పెట్టేయండి.

తలుపు తెరిచి పరీక్షించడం

అసలు విషయం ఇక్కడే తేలుతుంది. తలుపు బార్లా తీసి ఉంచి వరసగా ఇవి చూడండి.

1. గడియ ఏ రకమో గుర్తించండి. ముందుకు పొడుచుకొచ్చే ఏటవాలు నాలుక ఉంటే అది స్ప్రింగు గడియ. కారు తలుపులో ఉన్నట్టు గుండ్రంగా తిరిగే కొక్కెం ఉంటే అది రోటరీ లాచ్, దాని జత చట్రం మీదున్న లావుపాటి స్ట్రైకర్ బోల్టు.

2. స్ప్రింగు గడియను బొటనవేలితో లోపలికి నొక్కి వదలండి. వెంటనే పూర్తిగా బయటికి రావాలి. రోటరీ లాచ్ అయితే స్క్రూడ్రైవర్ కాడతో కొక్కేన్ని మూసే వైపు నెట్టండి. చాలా లాచ్‌లలో రెండుసార్లు టక్కుమంటుంది. ఒక్కసారే అంటే రెండో మెట్టు పట్టడం లేదన్నమాట.

3. బయటి హ్యాండిల్ లాగండి, గడియ వదలాలి. మళ్లీ మూసి ఈసారి లోపలి హ్యాండిల్‌తో చూడండి. రెండూ విడివిడిగా చూడాలి.

4. తాళంచెవిని రెండు వైపులా తిప్పండి. అదనపు డెడ్‌బోల్టు (చెవి తిప్పితేనే కదిలే, స్ప్రింగు లేని గడియ) ఉంటే అది పూర్తి పొడవు బయటికి వస్తోందో లేదో చూడండి.

రోటరీ లాచ్ విషయంలో ఒక హెచ్చరిక. పరీక్ష అయ్యాక హ్యాండిల్ లాగి కొక్కేన్ని తప్పకుండా తెరిచి పెట్టండి. మూసి ఉన్న కొక్కెంతో తలుపు దబేలున వేస్తే అది స్ట్రైకర్‌కు గుద్దుకుని లోపలి పళ్లు విరుగుతాయి. తలుపు ఉన్నట్టుండి పడడం మానేసిందంటే కూడా మొదట చూడాల్సింది ఇదే. కుదుపుకో, ఎవరి చేయో తగిలో కొక్కెం మూసుకుపోయి ఉండవచ్చు. హ్యాండిల్ లాగి పట్టుకుని కొక్కేన్ని వేలితో వెనక్కి తిప్పితే సరిపోతుంది.

తలుపు తెరిచి ఉన్నప్పుడు అన్నీ సాఫీగా పనిచేసి, మూసినప్పుడే మొరాయిస్తే లోపం అమరికలో ఉంది. కింద ‘అమరిక సరిచేయడం’ భాగానికి వెళ్లండి. తెరిచి ఉన్నప్పుడు కూడా పనిచేయకపోతే లోపం తాళం లోపలే. ఒక హ్యాండిల్ పనిచేసి రెండోది చేయకపోతే గడియ బాగానే ఉంది, ఆ హ్యాండిల్‌ను గడియతో కలిపే లివరో కడ్డీయో తెగింది.

మూసుకుపోయి తెరుచుకోని తలుపు

హ్యాండిల్ లాగి పట్టుకుని, గడియ ఉన్న ఎత్తులో తలుపును అరచేత్తో లోపలికి గట్టిగా నొక్కమని మరొకరికి చెప్పండి. బీడింగు ఒత్తిడికి గడియ స్ట్రైకర్‌ను బిగబట్టి ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గగానే చాలా తలుపులు వదిలేస్తాయి. ఊడిరాకపోతే కింది మూల పట్టుకుని తలుపును కాస్త పైకెత్తుతూ మళ్లీ ప్రయత్నించండి.

అప్పటికీ రాకపోతే క్యాబిన్ గుండా లోపలికి వెళ్లి, లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న మూత తీయండి. దాన్ని బిగించిన స్క్రూలు విప్పితే గడియను కదిలించే లివర్ కనబడుతుంది. దాన్ని నోస్ ప్లయర్‌తో పట్టి లాగండి. ఈ దశలో రోటరీ లాచ్ విడుదల లివర్‌ను సన్నని స్క్రూడ్రైవర్‌తో నెట్టినా చాలు. బయటి నుంచి డ్రిల్లు వేయడం చిట్టచివరి మార్గం. రేకుకు పడ్డ రంధ్రం తాళం కంటే ఖరీదైన మరమ్మతు తెస్తుంది.

తాళంచెవి తిరగకపోతే

ముందు తక్కువగా వాడిన రెండో తాళంచెవితో చూడండి. అది సాఫీగా తిరిగితే అరిగింది రోజూ వాడే చెవి. దాన్ని నమూనాగా ఇచ్చి కొత్తది చేయించుకుంటే ఆ అరుగుదల కూడా నకలవుతుంది. సిలిండర్ (చెవి దూరి తిరిగే భాగం) మీదో అసలు చెవి మీదో చెక్కి ఉన్న కోడ్ నంబరు ఆధారంగా చేయించుకోవాలి. ఆ నంబరు రాసి, బండిలో కాకుండా వేరే చోట దాచండి.

రెండు చెవులూ బిగుసుకుంటే లోపం సిలిండర్‌ది. ఈ తాళాల్లో ఎక్కువ భాగం పలుచటి ఇత్తడి రేకులు పైకీ కిందికీ కదిలే వేఫర్ రకం. రోడ్డు దుమ్ము, ఎండిపోయిన నూనె కలిసి ఆ రేకులను గాడిలో అతికించేస్తాయి. శుభ్రం చేసే తీరు ఇది:

సిలిండర్‌లోకి కాంటాక్ట్ క్లీనర్‌ను సన్నని గొట్టంతో రెండు సెకన్లు కొట్టండి. చెవి పెట్టి పదిహేను సార్లు లోపలికీ బయటికీ జరపండి, తీసిన ప్రతిసారీ గుడ్డతో తుడవండి. మొదట్లో నల్లటి మడ్డి వస్తుంది. చెవి తెల్లగా వచ్చేవరకు ఇదే కొనసాగించి, పావుగంట ఆరనిచ్చి, అప్పుడు పీటీఎఫ్‌ఈ పొడి లూబ్రికెంట్ ఒక్క తడవ కొట్టండి. ఇంజిన్ ఆయిలు, వంటనూనె, గ్రీజు సిలిండర్‌లోకి వెళ్లకూడదు. అవి తొలి రోజుల్లో హాయిగా తిప్పి, తర్వాత దుమ్మును జిగురులా పట్టేస్తాయి. గ్రాఫైట్ పొడి కూడా మంచిదే, అయితే నూనె తగిలిన సిలిండర్‌లో వేస్తే ముద్దకడుతుంది.

చెవి లోపలే విరిగితే, గాడి చెవి పెట్టే స్థానానికి తిరిగి వచ్చిందో లేదో చూసి, కొద్దిగా లూబ్రికెంట్ కొట్టి, సన్నని రంపపు బ్లేడును పళ్లు మీ వైపు ఉండేలా చెవి అంచు పక్కన దూర్చి లాగండి. జిగురు అంటించి లాగాలని చూస్తే సిలిండర్ మొత్తం పోతుంది.

తాళం విప్పడం

మొదట ఫోటోలు తీయండి. ప్రతి మూత తీశాక ఒకటి, ప్రతి కడ్డీ ఊడదీసే ముందు ఒకటి. బయటి హ్యాండిల్‌ను రేకుకు మాస్కింగ్ టేపుతో అంటించండి. లోపలి స్క్రూలు వదలగానే అది కింద పడి రంగు గీసుకుంటుంది.

లోపలి హ్యాండిల్ మూతను ప్లాస్టిక్ పట్టీతో ఎత్తండి. కింద సాధారణంగా నాలుగు స్క్రూలుంటాయి. తలుపు పక్క అంచున గడియ చుట్టూ మరో రెండు మూడు ఉంటాయి. అంచు స్క్రూలను ముందు ఒక చుట్టు వదులు చేసి ఆపండి, లోపలివి పూర్తిగా తీయండి, తర్వాత అంచువి తీయండి. కడ్డీలున్న తాళంలో ప్రతి కడ్డీ చివర ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది. దాన్ని పక్కకు తిప్పితే కడ్డీ ఊడుతుంది, లాగితే విరుగుతుంది. బయటి హ్యాండిల్‌ను పాత సీలెంట్ పట్టి ఉంచితే అంచు వెంట చేపలు పట్టే నైలాన్ దారం పెట్టి కోయండి. కత్తి పెట్టవద్దు.

లోపల ఏవి విరుగుతాయి

రిటర్న్ స్ప్రింగు: హ్యాండిల్ లాగాక వేలాడిపోతుంటే స్ప్రింగు విరిగింది, లేదా దాని కాలు గాడిలోంచి జారింది. జారిందైతే తిరిగి పెట్టవచ్చు. విరిగిందైతే తీగ మందం, లోపలి వ్యాసం, చుట్ల సంఖ్య, కాళ్ల మధ్య కోణం నాలుగూ కొలిచి అలాంటిదే తెప్పించాలి. చుట్టిన దిశ తారుమారైతే స్ప్రింగు హ్యాండిల్‌ను తప్పు వైపు నెడుతుంది.

పోత లివర్: హ్యాండిల్ వెనక ఉండే ఈ చిన్న ముక్కను చాలావరకు జమాక్ అనే జింకు మిశ్రమంతో పోత పోస్తారు. వంగదు, ఒకేసారి పుటుక్కున విరుగుతుంది. విరిగిన చోట బూడిద రంగు గరుకు గింజలు కనబడతాయి. ఎపాక్సీతో అతికిస్తే ప్రయాణం ముగించుకుని రావడానికి పనికొస్తుందేమో గానీ, అది మరమ్మతు కాదు. గడియను లాగే బలమంతా ఆ ఒక్క అతుకు మీదే పడుతుంది. ముక్క విడిగా దొరకకపోతే హ్యాండిల్ సెట్టు మార్చండి. లివర్ ఎందుకు విరిగిందో కూడా చూడాలి. తలుపు బిగుసుకుని రోజూ హ్యాండిల్‌ను పీకుతుండడమే తరచూ కారణం. అమరిక సరిచేయకుండా లివర్ మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

క్లిప్పులు: ఎండకు పెళుసెక్కి విరుగుతాయి. కడ్డీ మందాన్ని కొలిచి అదే కొలతది వేయండి. ఒకటి విరిగిందంటే మిగతావీ అదే వయసువి, అన్నీ ఒకేసారి మార్చేయడం మేలు.

గడియ: తుప్పు, ఎండిన గ్రీజు వల్ల నెమ్మదిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరాక రాపిడి ఉన్న చోట్ల మాత్రమే లిథియం గ్రీజు పలుచగా పూయండి. లోపల నీటి మరకలుంటే బయటి హ్యాండిల్ కింది గ్యాస్కెట్ పోయింది. అది మార్చకపోతే తలుపు లోపలి కొయ్య బద్దె కూడా నాని స్క్రూలు పట్టవు.

సిలిండర్ మాత్రమే పోతే తాళమంతా మార్చనవసరం లేదు. ఉత్తర అమెరికా తాళాల్లో వెనక ఉన్న స్క్రూనో క్లిప్పునో తీస్తే సిలిండర్ ఊడుతుంది. ఐరోపా తాళాల్లో చాలావాటికి విప్పే ప్రత్యేక చెవి ఉంటుంది, దాన్ని పెట్టి లాగితే లోపలి భాగం మొత్తం బయటికి వస్తుంది. ఒకే చెవితో అన్ని తలుపులూ తెరుచుకునే సెట్లు ఇలా వేసుకోవచ్చు. మాట వచ్చింది కాబట్టి: సామాను అరల తాళంచెవి మీద సీహెచ్‌751 అని ఉందేమో చూసుకోండి. లెక్కలేనన్ని బండ్లలో అదే చెవి. ఉంటే ఆ సిలిండర్లు కూడా మార్చేయండి.

కొత్తది కొనాల్సి వస్తే

ముందు పాత తాళం వెనక వైపు పోత అక్షరాల్లో ఉన్న తయారీదారు పేరు, నంబరు చూడండి. ఉత్తర అమెరికా బండ్లలో ట్రైమార్క్, ఐరోపా బండ్లలో హార్టాల్, కారాలాక్, జాడీ వంటి పేర్లు తరచూ కనబడతాయి. తర్వాత కొలతలు: తలుపులో కోసిన రంధ్రం వెడల్పు, ఎత్తు, తలుపు మందం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, తలుపు అంచు నుంచి సిలిండర్ మధ్యకు దూరం, గడియ పొడుచుకొచ్చే పొడవు, బయటి నుంచి చూస్తే బందులు ఎడమ వైపా కుడి వైపా. ఉత్తర అమెరికా ట్రావెల్ ట్రెయిలర్లలో (వేరే బండి వెనక లాక్కెళ్లేవి) 70 × 95 మిల్లీమీటర్ల రంధ్రం బాగా వాడుకలో ఉంది. మోటార్‌హోమ్‌లకు అదే ఉంటుందని అనుకోవద్దు. తాళాన్ని కాదు, తలుపును కొలవండి. రంధ్రం మరీ చిన్నదైతే ఆకురాయితో ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచవచ్చు, అంతకు మించి కోస్తే చట్రం బలం పోతుంది.

తిరిగి బిగించడం

పాత సీలెంట్ పూర్తిగా గీకి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. గ్యాస్కెట్ పెట్టి, దాని పై అంచుకూ పక్క అంచులకూ న్యూట్రల్ సిలికోన్ సన్నని గీతలా వేయండి. కింది అంచు వదిలేయండి, లోపలికి చేరిన తేమ అటు నుంచి బయటికి పోవాలి. పుల్లటి వాసన వచ్చే సిలికోన్ వాడవద్దు, అది లోహాన్ని తింటుంది.

అన్ని స్క్రూలూ చేత్తో పట్టించి, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొద్దికొద్దిగా బిగించండి. ప్రతి రౌండు తర్వాత హ్యాండిల్ లాగి చూడండి. ఒక దశలో హ్యాండిల్ మందగిస్తుంది. అంటే పలక నొక్కుకుని బయటి, లోపలి భాగాలు దగ్గరకొచ్చి ఇరుసును పట్టేశాయి. అక్కడి నుంచి పావు చుట్టు వెనక్కి రండి. అదే సరైన బిగింపు. అదురుకు వదులవకుండా లోహానికి లోహం తగిలే స్క్రూలకు మధ్యస్థ బలం త్రెడ్‌లాకర్ (స్క్రూ మరలను పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయండి. అది ప్లాస్టిక్‌కు తగిలితే బీటలు వస్తాయి, తుడిచేయండి.

అమరిక సరిచేయడం

మొదట బందులు. తలుపు సగం తీసి, హ్యాండిల్ వైపు కింది మూల పట్టుకుని పైకెత్తండి. కటకటలాడితే బందు స్క్రూలు వదులయ్యాయి లేదా పిన్ను అరిగింది. స్క్రూలు బిగించండి. రంధ్రం అరిగి స్క్రూ ఊరికే తిరుగుతుంటే ఒక సైజు లావుది వేయండి లేదా రివెట్ నట్ (రేకు రంధ్రంలో బిగుసుకునే నట్టు) పెట్టండి. బందులు సరిగ్గా ఉన్నాకే స్ట్రైకర్ జోలికి వెళ్లాలి. లేకపోతే జారుతున్న తలుపును స్ట్రైకర్ వెంటాడుతూనే ఉండాల్సి వస్తుంది.

ఇప్పుడు తలుపు మూసి తాళం తిప్పుతూ మూడు రకాలుగా చూడండి. తలుపును లోపలికి నొక్కితే తాళం పడుతోందా? అయితే బీడింగు ఎక్కువ తోస్తోంది, స్ట్రైకర్ బయటి వైపు రావాలి. పైకెత్తితే పడుతోందా? స్ట్రైకర్ కిందికి రావాలి. నొక్కకుండానే పడి, తలుపు మాత్రం గలగలమంటోందా? స్ట్రైకర్ లోపలికి పోవాలి.

గడియ చివర మార్కర్ సిరా పూసి, మెల్లగా మూసి తెరవండి. స్ట్రైకర్ మీద పడ్డ మరక గడియ ఎక్కడ తగులుతోందో చూపిస్తుంది. స్ట్రైకర్ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, స్క్రూలు సగం వదిలి, ఒక్కోసారి 1 మిల్లీమీటరు మాత్రమే జరపండి. రోటరీ లాచ్ స్ట్రైకర్ బోల్టు పొడవు చాలకపోతే దాని అడుగున ఒక వాషర్ వేయండి. రంధ్రాలు చాలక డెడ్‌బోల్టు అంచుకు తగులుతుంటే స్ట్రైకర్ పళ్లెం రంధ్రాన్ని ఆకురాయితో కొద్దిగా పెంచవచ్చు, డెడ్‌బోల్టును మాత్రం అరగదీయవద్దు.

బీడింగు ఒత్తిడి కాగితంతో తెలుస్తుంది. తలుపు అంచున కాగితపు ముక్క పెట్టి మూసి లాగండి. కాస్త పట్టుగా జారాలి. చిరిగితే ఒత్తిడి ఎక్కువ, ఊరికే వస్తే తక్కువ. చుట్టూ ఏడెనిమిది చోట్ల చూడండి.

విద్యుత్ తాళాలు

రిమోట్ నొక్కితే మోటారు చప్పుడు వస్తూ గడియ కదలకపోతే లోపం కడ్డీలో. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత తలుపు బందు దగ్గర వంగే వైర్లు. అవి తొడుగు బాగానే ఉండి లోపల తెగుతాయి. ఒకరు బటన్ నొక్కుతుండగా మరొకరు వైర్లను వంచి చూడండి. మల్టీమీటరుతో మోటారు కనెక్టరు దగ్గర, బటన్ నొక్కిన క్షణంలో బ్యాటరీ దగ్గరున్న వోల్టేజీకి అర వోల్టుకు మించి తగ్గకూడదు. కీప్యాడ్ తాళం నీరసిస్తే లోపలి బ్యాటరీలన్నీ ఒకేసారి మార్చండి, కొత్తా పాతా కలపవద్దు. కీప్యాడ్ ఉన్నా మామూలు తాళంచెవి వెంట ఉండాలి.

ఆఖరి తనిఖీ

తలుపు తెరిచి పదిసార్లు, మూసి పదిసార్లు, లోపలి నుంచీ బయటి నుంచీ తాళం వేసి తీయండి. లోపల ఒకరు ఉండగా బయట తాళం వేసి, చెవి లేకుండా లోపలి హ్యాండిల్‌తో తలుపు తెరుచుకుంటోందో లేదో తప్పక చూడండి. తెరుచుకోకపోతే బండి వాడకండి, విప్పి మళ్లీ అమర్చండి. హ్యాండిల్ చుట్టూ నీళ్లు పోసి లోపలి మూత కింద తడి లేదని చూసుకోండి.

మొదటి 100 కిలోమీటర్లు తిరిగాక స్ట్రైకర్, బందులు, హ్యాండిల్ స్క్రూలు మళ్లీ బిగించి, పెన్సిల్ గీత నుంచి స్ట్రైకర్ కదిలిందేమో చూడండి. కదిలి ఉంటే వెనక ఉన్న నట్టో పళ్లెమో పట్టు కోల్పోయింది. త్రెడ్‌లాకర్‌తో సరిపెట్టకుండా లోపలి పలక తీసి దాన్ని మార్చండి.